బుధ శనివారాల తెల్ల డ్రెస్సు

నేను ఒక తెల్ల డ్రెస్సును. బడికి పోయే ఆడపిల్ల వేసుకునే కుర్తా ఒకటి, ప్యాంటు ఒకటి, రెండూ కలిస్తే నేను. పట్టుచీరలా నన్ను ఎవరూ బీరువాలో దాచలేదు. పెళ్ళి బట్టల్లా నాకు ఫొటోల్లో చోటు దొరకలేదు. అయినా నా గురించి ఒక రోజు గదినిండా మనుషులు కూర్చుని మాట్లాడారు. ఎంత పొడవుండాలి, కాలర్ ఉండాలా వద్దా, గుండీలు ఏ రంగువి, అన్నీ మాట్లాడారు. మాట్లాడవలసిన ఒక్క మాట తప్ప. ఆ ఒక్క మాట ఎవరూ అనకపోబట్టే నాకు ఈ కథ మిగిలింది.

నన్ను కుట్టింది బోరబండలో ఖాదర్ భాయ్. చిన్న షట్టర్ కొట్టు, ఒక మిషను, గోడకు ఒక ఫ్యాను. సర్కారు బడి పిల్లల తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్ బాల్‌రాజ్, పైపులూ నల్లాలూ అమ్మే దుకాణం ఆయనది. ఆయన వచ్చి, "భాయ్, ఒక శాంపిల్ కుట్టి పెట్టు. ఏడో తరగతి ఆడపిల్లకు సరిపోయేటట్టు. తెల్లగ తళతళ మెరవాలె" అన్నాడు. ఏ పిల్ల కొలతలు అని ఖాదర్ భాయ్ అడగలేదు. తన కూతురి పాత కుర్తా పరిచి, దానిమీద నన్ను వేసి కత్తిరించాడు. అంచు కింద బాగా వెడల్పుగా లోపలికి మడిచి కుట్టాడు. పిల్ల పెరిగినకొద్దీ విప్పుకుంటూ పోవచ్చని. మనుషులు పిల్లలు పెరుగుతారని బట్టకు మాత్రం చెబుతారు. పెరగడమంటే పొడవు ఒక్కటే అనుకుంటారు.

శనివారం మధ్యాహ్నం బడిలో మీటింగ్. ఏడో తరగతి గదిలో నల్లబోర్డు పైన మేకుకు నన్ను తగిలించారు. బెంచీల మీద తల్లులు ఒకవైపు, తండ్రులు ఒకవైపు ఇరుక్కుని కూర్చున్నారు. హెడ్‌మాస్టర్ కుర్చీలో హెచ్చెం మేడం. బాల్‌రాజ్ లేచి నా కాలర్ పట్టుకుని ఊపాడు.

"చూడున్రి. సర్కార్ ఇచ్చే జతలు రెండున్నయి, అవి ఉంటయి. కాని బుధవారం, శనివారం మన పిల్లలు తెల్ల డ్రెస్ ఏస్తే ఎట్లుంటదో ఊహించున్రి. అవతల గల్లీల కాన్వెంట్ పిల్లలు పోతుంటే మనం చూస్తలేమా? మన పిల్లలేం తక్కువ?"

తండ్రులు తలలు ఊపారు. ఒకాయన, "టై గూడ పెట్టున్రి సార్" అన్నాడు. ఇంకొకాయన, "మా పోరి పక్కింటి పిల్ల టై చూసి ఏడుస్తది" అన్నాడు. తక్కువగా కనబడకూడదన్న కోరిక వాళ్ళ గొంతుల్లో ఎంత నిజంగా ఉందంటే, మేకుకు వేలాడుతున్న నాక్కూడా గర్వంగా అనిపించింది.

తల్లుల వరసలో కదలిక మొదలైంది. కూరగాయల బండి పెట్టుకునే బాలమణి అనే ఆమె లేచింది. ఆమె పక్కన ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, బక్కపలచగా, చీర కొంగును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుని ఉంది. ఆమె పేరు రేణుక అని నాకు తర్వాత తెలిసింది. ఆ పొద్దున్నే నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటూ తల్లులంతా ఒక మాట అనుకున్నారట. తెలుపు వద్దని గట్టిగా చెప్పాలని. ఎందుకు వద్దో ఒకరికొకరు చెప్పుకోనక్కర లేకపోయింది. మీటింగులో ఎవరు చెప్పాలన్నది మాత్రం తేల్చుకోలేదు. బాలమణి నోరుగల మనిషి కాబట్టి ఆమె చెబుతుందని రేణుక అనుకుంది. రేణుక ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి ఆమె చెబుతుందని బాలమణి అనుకుంది.

"సార్, తెలుపు అంటే... జర మరకలైతయి కదా సార్" అంది బాలమణి.

"సర్ఫ్ ఏసి ఉతుకమ్మా బాలమణీ. ఊకె టమాటలకు నీళ్ళు కొడితే అయితదా, బట్టలకు గూడ కొట్టాలె!"

గది గొల్లుమంది. తల్లులూ నవ్వారు. బాలమణి తనూ నవ్వేసి, "అట్ల కాదు సార్, ఆడపిల్లలు..." అంది.

"ఆడపిల్లలే నీట్‌గ ఉంటరమ్మా. మొగ పోరగాళ్ళతోనే పరేషాను."

మళ్ళీ నవ్వులు. బాలమణి రేణుక భుజాన్ని వేలితో పొడిచింది. రేణుక సగం లేచింది. ఎదురుగా తండ్రులందరూ ఆమెవైపు చూశారు. అందులో ఆమె ఆడబిడ్డ మొగుడు కూడా ఉన్నాడు. ఆమె హెచ్చెం మేడం వైపు చూసింది. మేడం నా వైపు చూసింది, నా ప్యాంటు వైపు చూసింది. ఆమెకు తెలుసు. ఆ గదిలో ఉన్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. మేడం గడియారం చూసుకుని, "ఇంకా ఏమన్నా ఉంటే తొందరగా చెప్పండమ్మా" అంది.

"ఏం లేదు మేడం" అని రేణుక కూర్చుంది.

"ఒప్పుకున్నోళ్ళు చేతులెత్తున్రి" అన్నాడు బాల్‌రాజ్. తండ్రులు ఎత్తారు. తర్వాత ఒక తల్లి ఎత్తింది. ఇంకొక తల్లి ఆమెను చూసి ఎత్తింది. రేణుక అటూ ఇటూ చూసి, చెయ్యి చెవిదాకా ఎత్తింది. ఒప్పుకున్నట్టా, పైట సర్దుకున్నట్టా చెప్పలేని ఎత్తులో.

శాంపిల్ కాబట్టి, భుజం దగ్గర మేకు గుచ్చుకుంది కాబట్టి, ఖాదర్ భాయ్ నన్ను ధర తగ్గించి ఇచ్చాడు. నన్ను కొన్నది రేణుకే. వద్దని చెప్పాలని వచ్చిన మనిషి నన్ను న్యూస్‌పేపర్లో చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఆ ఇల్లు రేకుల కప్పుతో ఒక్క గది. భర్త నర్సింలు సెంట్రింగ్ పనికి పోతాడు. కూతురు అఖిల. పన్నెండేళ్ళు నిండిన పిల్ల, గొంతు మాత్రం ఇరవయ్యేళ్ళ మనిషిది. బడిలో ప్రార్థన అయ్యాక ప్రతి బుధవారం వార్తలు చదివేది ఆ పిల్లే. పొద్దున్నే బాలమణి బండి దగ్గర పొట్లాలు కట్టే పేపరు తెచ్చుకుని, పాతదా కొత్తదా అని తేదీ చూసి, నాలుగు వార్తలు ఎంచుకుని, గోడవైపు తిరిగి పైకి చదివేది. "ఇంతటితో వార్తలు సమాప్తం" అనే మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు కొంచెం దించేది, టీవీలో వాళ్ళలాగా.

మొదటి బుధవారం నన్ను వేసుకుని గుమ్మంలో నిలబడితే నర్సింలు తాగుతున్న చాయ్ పక్కన పెట్టాడు. "అరే, డాక్టరమ్మ లెక్కున్నవ్ బిడ్డా!"

"డాక్టర్ కాదు నానా, న్యూస్ రీడర్."

"ఏదైతే అది గాని, గేటు దాకా నేనొస్త పా. నా బిడ్డ అని అందరు చూడాలె."

రేణుక నవ్వలేదు. పిల్ల వెనక్కు తిరిగినప్పుడు నా వెనకవైపు చూసింది. అప్పటికింకా ఏమీ లేదు. అయినా చూసింది. ఆ చూపు నాకు అలవాటవడానికి ఎంతో కాలం పట్టలేదు. పిల్ల బయలుదేరేముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి. తల్లులు దేవుడికి దండం పెట్టినంత క్రమంగా ఆమె నా వెనకవైపు చూసేది.

దసరా సెలవుల్లో అఖిల పెద్దమనిషి అయింది. మేనమామ చీర తెచ్చాడు, బాలమణి నువ్వులు బెల్లం దంచింది, గల్లీలో నలుగురిని పిలిచి భోజనాలు పెట్టారు. అందరికీ పండగే. బడి తెరిచే రోజు దగ్గరపడేకొద్దీ రేణుక అన్నం సగంలో వదిలేయడం నేను దండెం మీద నుంచి చూశాను.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. ఒక మధ్యాహ్నం నన్ను పిండుతూ బాలమణితో చెప్పింది.

"నన్ను గూడ గిదే మాన్పించిందక్కా. ఏడో తరగతిల. సార్ లేచి నిలబడు అన్నడు. నేను లేవలే. లేవమంటే లేవవా అని బెత్తం తెచ్చిండు. లేచిన. ఇగ మల్ల ఆ బడి మొకం చూడలే. మా నాయిన, పోనీ తియ్యి, ఇంట్ల పనన్న చేస్తది అన్నడు."

"మరి మీటింగ్‌ల గా మాట అంటే అయిపోవు కదనే."

"నువ్వెందుకనలే?"

బాలమణి తోటకూర కాడలు తుంచడం మొదలుపెట్టింది. నేను నీళ్ళు కారుతూ వాళ్ళిద్దరి మధ్య ఉన్నాను.

తర్వాత రేణుక చేసిందంతా కూతుర్ని కాపాడుకోవడానికే. మిగతా రోజులు సర్కారు ఇచ్చిన ముదురు రంగు జతలు, వాటితో బాధ లేదు. బుధవారం, శనివారం మాత్రం కడుపునొప్పి అని చెప్పి పిల్లను ఇంట్లో ఉంచేది. ముందు, నెల దగ్గరపడ్డప్పుడే. కొత్తలో నెల లెక్క ఎవరి మాటా వినదు. ఒకసారి ముందొస్తుంది, ఒకసారి రానేరాదు. దాంతో దగ్గరపడిందో లేదో తెలియని బుధవారాలన్నీ ఇంట్లోనే గడిచాయి. తర్వాత తెలిసిన బుధవారాలు కూడా. బడిలో ప్యాడ్లు ఉన్నాయి, మేడం బీరువాలో. తాళంచెవి అడగాలంటే స్టాఫ్ రూములో సార్లందరి ముందు నుంచి పోవాలి. బాత్రూముకు గొళ్ళెం లేదు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట కాలు అడ్డం పెట్టి నిలబడాలి. ఇవన్నీ రేణుక పిల్లను అడిగి అడిగి తెలుసుకుంది. తెలిసినకొద్దీ పంపడం తగ్గించింది.

నేను వారాల తరబడి దండెం మీదే ఉన్నాను. ఉతకని తెలుపు, వేసుకోని తెలుపు. నాకన్నా తెల్లటి డ్రెస్సు ఆ బడిలో ఉండి ఉండదు.

బడిలో వార్తలు ఇంకో పిల్లకు ఇచ్చేశారు. బుధవారం రాని పిల్లకు ఎలా ఇస్తారు? లెక్కల సారు బుధ శనివారాల్లోనే పరీక్షలు పెట్టేవాడట, అఖిల మార్కులు అడుగంటాయి. "కడుపునొప్పి రాణి వచ్చిందిరా" అని క్లాసులో పేరు పడింది. ఒక మంగళవారం సాయంత్రం పిల్ల పుస్తకాల సంచీ విసిరికొట్టింది.

"రేపు వార్తలు చదివే పిల్ల వస్తలేదట. టీచర్ నన్ను చదువుమన్నది. నేను పోత."

"వద్దు బిడ్డా, వచ్చే వారం..."

"నీకు ఎప్పుడు వచ్చే వారమే! నాకేం కాలే, నువ్వే ఏదో ఏదో అనుకుంటవ్. నువ్వు సదువుకోలే కాబట్టి నన్ను గూడ సదువుకోనిస్తలేవ్!"

రేణుక కొట్టడానికి చెయ్యెత్తింది. కొట్టలేదు. ఆ చెయ్యితోనే నన్ను దండెం మీద నుంచి తీసి, దులిపి, ఇస్త్రీ బండి దగ్గరికి తీసుకుపోయింది.

బుధవారం. బడి ముందు జెండా దిమ్మె. వరసలుగా పిల్లలు, మబ్బులు నేలకు దిగినట్టు అంతా తెలుపు. బాల్‌రాజ్ చూసి ఉంటే కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాడు. అఖిల దిమ్మె ఎక్కి పేపరు విప్పింది. మొదటి వార్త చదివింది. రెండోది చదివింది. గొంతు బావుంది. మూడో వార్త మధ్యలో నాకు తెలిసింది.

అందరికన్నా ముందు నాకే తెలిసింది. పిల్లకన్నా ముందే. చెప్పడానికి నాకు నోరు లేదు. నోరున్న గదినిండా మనుషులు చెప్పలేనప్పుడు నేనేం చెప్పగలను? దాచుకోగలిగినంత సేపు దాచుకున్నాను. తెల్ల బట్ట ఎంత సేపు దాచుకుంటుంది?

దిమ్మె వెనక నిలబడ్డ ఎనిమిదో తరగతి పోరగాళ్ళలో ఒకడు పక్కవాణ్ణి గిల్లాడు. సన్నగా ఒక నవ్వు. అది వరసలోంచి వరసలోకి పాకింది. అఖిల తన చదువులో ఏదో తప్పు దొర్లిందనుకుంది. ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచి, ఇంకా స్పష్టంగా చదివింది. నాలుగో వార్త కూడా చదివింది. "ఇంతటితో వార్తలు సమాప్తం" అని గొంతు దించి, దిగి, వెనక్కు తిరిగింది. అప్పుడు ఒక ఆడపిల్ల పరిగెత్తుకొచ్చి చెవిలో చెప్పింది.

ఆ రోజంతా పిల్ల ఆఖరి బెంచీలో గోడకు ఆనుకుని కూర్చుంది. నీళ్ళకు లేవలేదు, అన్నానికి లేవలేదు. బడి విడిచి అందరూ పోయాక పుస్తకాల సంచీ వెనక అడ్డం పెట్టుకుని ఇంటికి నడిచింది. గుమ్మంలో రేణుక ఉంది.

చన్నీళ్ళు, ఉప్పు, నిమ్మకాయ. రేణుక నన్ను తోమింది. మళ్ళీ తోమింది. నాలోంచి పోవలసిందంతా పోయింది. ఎక్కడో లేత నీడలాంటిది మిగిలిందేమో, ఎండలో ఎత్తి పట్టి చూస్తే తప్ప కనబడదు.

"పోయింది బిడ్డా, చూడు."

"పోలే."

"ఎక్కడున్నది?"

"నాకు కనబడుతుంది" అని అఖిల ముఖం తిప్పుకుంది.

నర్సింలు చెడ్డవాడు కాదు. "రెండు దినాలైతే అదే మర్చిపోతరు. తెలుపు వద్దంటే రోజు ఏసుకునే డ్రెస్సే ఏసుకొని పొమ్మను" అన్నాడు. శనివారం పిల్ల అలాగే పోయింది. గేటు దగ్గర వ్యాయామం సారు రంగు చూసి పక్కకు నిలబెట్టాడు. అలా నిలబడ్డ పిల్ల ముందు నుంచి బడి మొత్తం లోపలికి నడిచింది. ఎవడో, "ముఖ్యాంశాలు మరొక్కసారి!" అని అరిచాడు. అఖిల అక్కడినుంచి అక్కడే ఇంటికి వచ్చేసింది. బడి దారిలో ఆ పిల్ల ఆఖరి నడక అదే.

కొన్నాళ్ళు ఇంట్లో ఉంటుందనుకున్నారు. ఊరికే ఉంటే పిచ్చెక్కుతుందని, బాలమణికి తెలిసినవాళ్ళ అగరుబత్తి షెడ్డులో ప్యాకింగుకు పంపారు. "పది పదిహేను దినాలే, పరీక్షలకు మల్ల పోతది" అని రేణుక అందరికీ చెప్పింది. పరీక్షలొచ్చాయి, అయిపోయాయి. అందరికీ చెప్పడం ఆమె నెమ్మదిగా మానేసింది.

ఎండాకాలం చివర్లో ఒక రోజు ఆమె గిన్నెలో నీళ్ళు మరిగించి, నీలం రంగు పొట్లం చింపి పోసి, నన్ను ముంచింది. కట్టెతో కలిపింది. ఆవిరికి కళ్ళు తుడుచుకుంది. తీసేసరికి నేను ముదురు నీలం. నన్ను ఎండేసి, చేత్తో నిమురుతూ కూతురితో అంది. "గిప్పుడు చూడు. ఏం కనబడదు. ఏమైన గాని కనబడదు. నేను పోయి సార్లతోని మాట్లాడుత. ఈ రంగే పెట్టున్రి అంట. నువ్వు పోతవా?"

అఖిల వద్దనలేదు. ఆ వద్దనకపోవడాన్నే రేణుక పట్టుకుంది.

బడులు తెరిచారు. మీటింగ్ రోజు రేణుక నన్ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బయలుదేరింది. దారి పొడుగునా పెదవులు కదులుతున్నాయి. చెప్పవలసిన మాటను నెమరు వేసుకుంటోంది. గది నిండిపోయింది, ఆమె వరండాలో కిటికీ దగ్గర నిలబడింది. లోపల అదే బాల్‌రాజ్. ఈసారి బెల్టు గురించి. తెల్ల డ్రెస్సుతో బడికి ఎంత పేరొచ్చిందో చెబుతున్నాడు. ఎవరో కొత్త తల్లి లేచింది. ఇంకా చిన్న మనిషి, చంకలో పిల్లాడు.

"సార్, తెలుపంటే మరకలు..."

"అరే అమ్మా, ప్రతి సంవత్సరం గీ మరకల పంచాయితేనా?"

నవ్వులు. ఆ తల్లి కూర్చోబోయింది.

"నెలసరి సార్!" అంది రేణుక కిటికీలోంచి. గొంతు మరీ పెద్దగా వచ్చింది, అరుపులాగా. "ఆడపిల్లలకు నెలసరి వస్తది. తెల్ల బట్ట మీద కనబడుతది. కనబడితే పిల్ల మల్ల బడికి రాదు. గిదే సార్ మేం చెప్పలేకపోయింది. గిదే!"

కవర్లోంచి నన్ను తీసి కిటికీ చువ్వల్లోంచి చూపింది. "గీ రంగు పెట్టున్రి. గీ రంగైతే ఏం కాదు."

తండ్రులు నేల చూశారు. తల్లులు రేణుకను చూశారు. హెచ్చెం మేడం తల ఎత్తింది, ఏదో అనబోయినట్టే ఉంది. ముందు బాల్‌రాజ్ తేరుకున్నాడు.

"నువ్వెవరమ్మా? ఏ పిల్ల తల్లివి?"

"అఖిల తల్లిని."

"ఏ క్లాసు?"

రేణుక నన్ను చువ్వల్లోంచి వెనక్కు లాక్కుంది. ఏడు అందామంటే ఏడు పూర్తి కాలేదు. ఎనిమిది అందామంటే పేరు లేదు.

"మొన్నటిదాకా ఈడనే సదివింది సార్."

"ఇప్పుడు సదువుతలేదు కదా. ఇది పేరెంట్స్ మీటింగ్ అమ్మా. బయటోళ్ళు మాట్లాడొద్దు. ఆ, బెల్టు సంగతి ఏమంటరు?"

బెల్టు సంగతి మొదలైంది. చంకలో పిల్లాడున్న తల్లి ఒక్కతే ఇంకా కిటికీవైపు చూస్తోంది. తర్వాత ఆమె పిల్లాడు ఏడిస్తే అటు తిరిగింది.

రేణుక ఇంటికి పోలేదు. నేరుగా అగరుబత్తి షెడ్డుకు వచ్చింది. అఖిల నేల మీద కూర్చుని కట్టలు కడుతోంది, చేతులు మోచేతుల దాకా నల్లగా. తల్లి ముఖం చూసి మళ్ళీ కట్ట అందుకుంది.

"ఇగో" అంది రేణుక, నన్ను ఒళ్ళో పెడుతూ. "రేపటి నుంచి ఇది ఏసుకొని రా. పనికి మంచిగుంటది."

అప్పటినుంచి ఇక్కడే ఉన్నాను. బుధ శనివారాలే కాదు, రోజూ. పొడవు చాలక అంచు మడత విప్పారు. అగరుబత్తి మసి నా మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా పడుతూనే ఉంటుంది. రేణుక ఇప్పుడు నా వెనకవైపు చూడదు. చూడవలసిన పని లేదు. నా మీద ఇక ఏదీ కనబడదు.